కోడ్ కరెక్టే, మరి చిప్ ఎందుకు మాట వినట్లేదు? ఫ్యూజ్ బిట్స్ కథ

వీడియో చూసే డేటా లేనివాళ్లు, క్లాసులో వెనక బెంచీలో కూర్చున్నవాళ్లు ఇది చదువుకోవచ్చు. మాట్లాడింది మాట్లాడినట్టే రాశాం, మధ్యలో నా దగ్గు మాత్రం తీసేశాం.

ఈ రోజు కోడ్ రాయం. కోడ్‌కి బయట ఉండే సెట్టింగ్స్ గురించి చెప్పుకుందాం. మైక్రోకంట్రోలర్ కొన్నాక చాలామంది ఒక్కసారి కూడా తెరిచి చూడనివి ఇవి. నేను కూడా రెండేళ్లు చూడలేదు. చూడనందుకు మా మేనమామ బోరు మోటారు కాలిపోయింది. ముందు ఆ కథ కొంచెం చెప్తా, మిగతాది దారిలో వస్తుంది.

మా మామకి నల్గొండ వైపు బత్తాయి తోట ఉంది. బోర్లో నీళ్లు తగ్గితే మోటారు ఖాళీగా తిరుగుతుంది కదా, దాన్ని డ్రై రన్ అంటారు. అలా కాసేపు తిరిగితే వైండింగ్ కాలిపోతుంది. నేను ఇంజనీరింగ్ థర్డ్ ఇయర్‌లో ఉన్నప్పుడు ఆయన కోసం ఒక డబ్బా తయారు చేశా. కరెంట్ ఎంత లాగుతుందో కొలుస్తుంది, ఒక లెవెల్ కంటే తగ్గితే నీళ్లు లేవని అర్థం చేసుకుని స్టార్టర్ ఆపేస్తుంది. ఆ లెవెల్ అంకెని చిప్ లోపల ఉండే ఈఈప్రామ్‌లో దాచా. కరెంట్ పోయినా అది గుర్తుంటుంది. టేబుల్ మీద ఆర్డ్వినో ఊనోతో నెల రోజులు టెస్ట్ చేశా, ఒక్క తప్పు లేదు. తర్వాత ఖర్చు తగ్గించాలని ఊనో తీసేసి, అందులో ఉండే చిప్‌నే, అంటే ఏటీమెగా 328పీని, విడిగా కొని చిన్న బోర్డు మీద పెట్టా. అదే చిప్, అదే కోడ్. పని చేయాలి కదా?

చేసింది కూడా. కొన్నాళ్లు. ఒక రోజు మామ ఫోన్: "అల్లుడూ, నీ డబ్బా ఎలుగుతున్నది గానీ మోటరు కాలిపోయినట్టుందిరా, వాసనొస్తున్నది." వెళ్లి చూస్తే ఈఈప్రామ్‌లో ఆ లెవెల్ అంకె సున్నా అయి ఉంది. సున్నా కంటే కరెంట్ తగ్గేది ఎప్పుడు? ఎప్పటికీ తగ్గదు. అంటే డబ్బా ఉన్నా లేనట్టే. బోర్లోంచి పైపులు లాగి, మోటారు పైకి తీసి, వైండింగ్ కట్టించి మళ్లీ దింపేసరికి 14 వేలు అయ్యాయి. తోటకి వారం పైన నీళ్లు లేవు. అది కూడా ఎండాకాలం.

కోడ్‌లో తప్పు వెతికా, దొరకలేదు. ఎందుకంటే తప్పు కోడ్‌లో లేదు, మూడు బిట్లలో ఉంది.

ఓకే, ఇప్పుడు అసలు విషయం.

మీ ఫోన్‌లో ఒక యాప్ చెడిపోతే ఏం చేస్తారు, అన్‌ఇన్‌స్టాల్ చేస్తారు. అదే బూట్‌లోడర్ జోలికి వెళ్లి ఏదైనా తేడా చేస్తే? ఫోన్ లేవదు. ఎందుకంటే యాప్ మొదలవకముందే ఫోన్ ఎలా లేవాలో చెప్పేది వేరే చోట ఉంది. మైక్రోకంట్రోలర్‌లోనూ అంతే. మీరు రాసిన కోడ్‌లో మొదటి లైన్ నడవకముందే చిప్‌కి కొన్ని విషయాలు తెలియాలి. క్లాక్ ఎక్కడ నుంచి తీసుకోవాలి? వోల్టేజ్ ఎంతకి పడిపోతే ఆగిపోవాలి? రీసెట్ పిన్ రీసెట్‌గానే ఉండాలా? లేవగానే ప్రోగ్రామ్ మొదటికి వెళ్లాలా, బూట్‌లోడర్‌కి వెళ్లాలా? ఇవన్నీ ఏవీఆర్ చిప్‌లలో ఫ్యూజ్ బిట్స్‌లో ఉంటాయి.

ఫ్యూజ్ అనగానే మెయిన్ బోర్డులో కాలిపోయే తీగ గుర్తొస్తుంది. పేరు అక్కడిదే. పాతకాలం మెమరీ చిప్‌లలో నిజంగానే లోపల సన్నటి తీగని కాల్చి సమాచారం రాసేవాళ్లు. ఏవీఆర్‌లో అలా ఏమీ కాలదు, మళ్లీ మళ్లీ మార్చుకోవచ్చు. పేరు చూసి భయపడకండి. అయితే కొన్ని బిట్లు మార్చాక తిరిగి మార్చే దారే మూసుకుపోతుంది. దాని దగ్గరికి తర్వాత వస్తా.

ఏటీమెగా 328పీలో మూడు ఫ్యూజ్ బైట్లు ఉన్నాయి: లో, హై, ఎక్స్‌టెండెడ్. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కొత్త చిప్‌లో వీటి విలువలు హెక్స్‌లో వరసగా 62, డీ9, ఎఫ్‌ఎఫ్. ఊనో బోర్డు మీద ఉన్న చిప్‌లో ఎఫ్‌ఎఫ్, డీఈ, ఎఫ్‌డీ. చూశారా, మూడూ వేరే. నేను "అదే చిప్" అనుకున్నా. ప్లాస్టిక్, సిలికాన్ వరకే అదే. లేచే పద్ధతి వేరు. ఊనో తయారు చేసినవాళ్లు నా తరఫున ఆ సెట్టింగ్స్ ముందే చేసి పెట్టారు, నాకు చెప్పలేదు. చెప్పినా నేను వినే రకం కాదనుకోండి.

ఇక్కడ అందరూ తడబడే ముక్క ఒకటి ఉంది. ఏవీఆర్ ఫ్యూజుల్లో సున్నా అంటే ఆన్, ఒకటి అంటే ఆఫ్. డేటాషీట్‌లో "ప్రోగ్రామ్డ్" అని ఉంటే సున్నా అని అర్థం, "అన్‌ప్రోగ్రామ్డ్" అంటే ఒకటి. మన బుర్రకి ఒకటి అంటే ఉంది, సున్నా అంటే లేదు అని చిన్నప్పటి నుంచి ఎక్కించారు కదా, అందుకే తిరగబడుతుంది. ఫ్యూజ్ లెక్కలు చేసే వెబ్ పేజీల్లో టిక్ పెడితే అక్కడ సున్నా పడుతుంది. ఆ పేజీ వాడండి, తప్పులేదు. కానీ వచ్చిన విలువని ఒకసారి బిట్లుగా విడగొట్టి చూసుకోండి.

చేసి చూద్దాం. లో ఫ్యూజ్ 62 అంటే బిట్లలో 0110 0010. ఎడమ నుంచి మొదటి బిట్ "క్లాక్‌ని ఎనిమిదితో భాగించు" అనేది. అక్కడ సున్నా ఉంది, అంటే ఆన్. రెండోది క్లాక్‌ని ఒక పిన్ మీదకి బయటికి పంపాలా అని. ఒకటి ఉంది, వద్దు. తర్వాత రెండు బిట్లు లేచేటప్పుడు ఎంతసేపు ఆగాలో చెప్తాయి. చివరి నాలుగు, 0010, క్లాక్ ఎక్కడ నుంచి రావాలో చెప్తాయి. 0010 అంటే చిప్ లోపలే ఉన్న 8 మెగాహెర్ట్జ్ ఆసిలేటర్. అది 8, దాన్ని ఎనిమిదితో భాగిస్తే 1. అంటే కొత్త చిప్ 1 మెగాహెర్ట్జ్‌లో నడుస్తుంది. ఊనో 16లో నడుస్తుంది.

నా బోర్డులో మొదట కనపడిన వింత ఇదే. సెకనుకోసారి వెలగాల్సిన ఎల్‌ఈడీ 16 సెకన్లకోసారి వెలిగింది. సీరియల్ మానిటర్ తెరిస్తే అర్థంకాని గుర్తులు. ఎందుకు? కోడ్‌లో స్పీడ్ 16 మెగాహెర్ట్జ్ అని రాసి ఉంటుంది, కానీ అది కంపైలర్‌కి మనం చెప్పే మాట మాత్రమే. "ఇంత స్పీడ్ ఉందనుకుని లెక్కలు వెయ్యి" అని. దానివల్ల చిప్ స్పీడ్ మారదు. సెకను ఆగాలంటే 1 కోటి 60 లక్షల టిక్కులు లెక్కపెట్టాలని కంపైలర్ రాసిచ్చింది, చిప్ సెకనుకి 10 లక్షలే కొడుతోంది. అందుకే 16 రెట్లు నెమ్మది. 9600 బాడ్ అనుకున్నది కాస్తా 600 అయింది. మీ ప్రాజెక్ట్‌లో టైమ్ సరిగ్గా 16 రెట్లో 8 రెట్లో తేడా వస్తే కోడ్ వెతకడం ఆపి ఫ్యూజ్ చదవండి. ఇంత గుండుగా వచ్చే తేడా కోడ్ తప్పుల్లో అరుదు.

ఇంకో చిన్న మాట. ఎనిమిదితో భాగించే ఆ ఫ్యూజ్ మొదటి విలువని మాత్రమే పెడుతుంది. చిప్ లేచాక కోడ్‌లోంచి కూడా ఆ భాగహారం మార్చుకోవచ్చు. దీనికోసం ఫ్యూజ్ ముట్టుకోవడం భయమైతే కోడ్‌లోనే మార్చేయండి.

నేను ఫ్యూజే మార్చాలనుకున్నా. కావాల్సింది ఈ2. అంటే భాగహారం ఆఫ్, లోపలి 8 మెగాహెర్ట్జ్ అలాగే. కోడ్‌లో కూడా 8 అని మార్చేస్తే లెక్క సరిపోతుంది. కానీ వెబ్ పేజీలో క్లాక్ లిస్టు తెరిచి మొదట ఉన్నదాన్ని నొక్కా: "ఎక్స్‌టర్నల్ క్లాక్". వచ్చిన విలువ ఈ0. రాసేశా. చిప్ చచ్చింది. ప్రోగ్రామర్‌తో ఎంత పిలిచినా పలకదు. ఇంకో చిప్ తీసి మళ్లీ అదే చేశా. అవును, అదే తప్పు రెండుసార్లు. రెండో చిప్ కూడా పోయాకే ఆగి చదివా.

ఎక్స్‌టర్నల్ క్లాక్ వేరు, ఎక్స్‌టర్నల్ క్రిస్టల్ వేరు. క్రిస్టల్ అంటే రెండు కాళ్ల మెరిసే డబ్బా. దాన్ని ఊపేది చిప్పే. ఎక్స్‌టర్నల్ క్లాక్ అంటే బయట ఎవరో తయారుచేసిన చతురస్రపు అలని నేరుగా ఇవ్వాలి. ఈ0 రాస్తే చిప్ తన లోపలి ఆసిలేటర్‌ని వదిలేసి బయట నుంచి ఎవరో క్లాక్ ఇస్తారని ఎదురుచూస్తూ కూర్చుంటుంది. క్లాక్ లేకపోతే ప్రోగ్రామర్ మాట కూడా వినలేదు, ఎందుకంటే వినడానికీ క్లాక్ కావాలి. నిజానికి అది చావలేదు, ఊపిరి కోసం చూస్తోంది.

ఇక్కడే ఒక మంచి విషయం. అది చావలేదు కాబట్టి బతికించవచ్చు. ఊనో తీసుకోండి. దాని టైమర్ 1తో 9వ పిన్ మీద 8 మెగాహెర్ట్జ్ అల తీయవచ్చు, నాలుగైదు లైన్ల కోడ్. ఆ వైరుని చిప్ 9వ కాలికి కలపండి. 28 కాళ్ల చిప్‌లో 9వది ఎక్స్‌టాల్ 1, క్లాక్ తీసుకునే కాలు. ఊనో గ్రౌండ్, చిప్ గ్రౌండ్ కలపడం మర్చిపోవద్దు. ఇప్పుడు ప్రోగ్రామర్‌తో పిలవండి, పలుకుతుంది. వెంటనే ఈ2 రాసేయండి. నా రెండు చిప్‌లూ అలాగే లేచాయి. అందులో ఒకటి ఇప్పటికీ నా టేబుల్ మీద గడియారంగా పని చేస్తోంది.

ప్రోగ్రామర్ స్పీడ్ గురించి కూడా చెప్పాలి, లేకపోతే బతికున్న చిప్‌ని చచ్చిందనుకుని పారేస్తారు. ప్రోగ్రామర్ పంపే క్లాక్ చిప్ క్లాక్‌లో నాలుగో వంతు కంటే తక్కువ ఉండాలి. 1 మెగాహెర్ట్జ్ చిప్‌తో మాట్లాడాలంటే 250 కిలోహెర్ట్జ్ లోపు. అంతకంటే వేగంగా అడిగితే చిప్ జవాబు ఇవ్వదు, మనం "పోయింది" అనుకుంటాం. ఏవీఆర్‌డ్యూడ్‌లో స్పీడ్ తగ్గించే ఆప్షన్ ఉంది, పెద్ద బి. చవకగా దొరికే యూఎస్‌బీ ఏఎస్‌పీ ప్రోగ్రామర్లలో జేపీ3 అని జంపర్ పెట్టే చోటు ఉంటుంది, అక్కడ రెండు పిన్నులు కలిపితే స్లో అవుతుంది. ముందు స్లో చేసి చూడండి, తర్వాత ఏడవండి.

ఫ్యూజ్‌లు నేనెప్పుడూ మార్చలేదు అని మీరు అనొచ్చు. ఆర్డ్వినో సాఫ్ట్‌వేర్‌లో "బర్న్ బూట్‌లోడర్" ఎప్పుడైనా నొక్కారా? అయితే మార్చారు. ఆ బటన్ బూట్‌లోడర్ ఒక్కటే ఎక్కించదు, మీరు మెనూలో ఏ బోర్డు ఎంచుకున్నారో దానికి రాసి ఉన్న ఫ్యూజ్‌లన్నీ చిప్‌లో పెట్టేస్తుంది. బోర్డ్స్ డాట్ టీఎక్స్‌టీ అనే ఫైలులో ఆ విలువలు కనపడతాయి. ఊనో ఎంచుకుని, క్రిస్టల్ లేని విడి చిప్ మీద ఆ బటన్ నొక్కితే చిప్ క్రిస్టల్ కోసం చూస్తుంది. క్రిస్టల్ లేదు. మళ్లీ పలకదు. ఈసారి బతికించడం ఇంకా తేలిక: క్రిస్టల్ తెచ్చి 9, 10 కాళ్లకి పెట్టి ఈ2 రాయడమే. మామూలుగా మనం కొట్టే అప్‌లోడ్ బటన్ మాత్రం ఫ్యూజ్‌లని ముట్టుకోదు, ఆ భయం అక్కర్లేదు.

ఇప్పుడు మోటారు దగ్గరికి వద్దాం.

మూడో బైట్, ఎక్స్‌టెండెడ్. అందులో చివరి మూడు బిట్లు బ్రౌన్ అవుట్ డిటెక్షన్‌వి. పేరు పెద్దది, పని చిన్నది: వోల్టేజ్ ఒక గీత కంటే కిందకి పడితే చిప్‌ని రీసెట్‌లో పట్టి ఉంచుతుంది, మళ్లీ పైకి వచ్చాకే వదులుతుంది. 111 అంటే అసలు లేదు. 110 అంటే 1.8 వోల్టులు, 101 అంటే 2.7, 100 అంటే 4.3. కొత్త చిప్‌లో ఎఫ్‌ఎఫ్ కదా, అంటే 111. కాపలా లేదు. ఊనోలో ఎఫ్‌డీ, అంటే 101. 2.7 దగ్గర కాపలా ఉంది.

కాపలా లేకపోతే ఏమవుతుంది? మనం అనుకునేది, కరెంట్ పోతే చిప్ టక్కున ఆగిపోతుందని. ఆగదు. 5 వోల్టుల నుంచి కిందికి జారుతున్నప్పుడు ఒక చోట చిప్ పూర్తిగా బతికీ ఉండదు, పూర్తిగా ఆగీ ఉండదు. కల్లు తాగినవాడు లెక్కలు రాసినట్టు ఇన్‌స్ట్రక్షన్లు తప్పుగా నడుస్తాయి. ఈఈప్రామ్‌లో ఒక బైట్ రాయడానికి 3 మిల్లీసెకన్ల పైనే పడుతుంది. ఆ మధ్యలో వోల్టేజ్ పడితే రాయాల్సింది సరిగ్గా పడదు. ఇంకా ఘోరం, తప్పు నడకలో ఉన్న చిప్ మనం అడగని చోట, అడగని అంకె రాయొచ్చు. ఇది నా ఊహ కాదు, వోల్టేజ్ చాలనప్పుడు ఈఈప్రామ్ చెడిపోవచ్చని డేటాషీట్‌లోనే రాసి ఉంటుంది. నేను ఆ పేజీ తిప్పలేదంతే.

మా మామ పొలంలో ఏం జరుగుతుందో ఆలోచించండి. స్టార్టర్ పట్టుకోగానే మోటారు ఒక్కసారిగా కరెంట్ లాగుతుంది, లైన్ వోల్టేజ్ కూర్చుండిపోతుంది. నా డబ్బాకి 5 వోల్టులు ఇచ్చే చిన్న సప్లై కూడా దానితో పాటు జారుతుంది. అది చాలదన్నట్టు మోటారు ఎన్ని గంటలు నడిచిందో నిమిషానికోసారి ఈఈప్రామ్‌లో రాయమని నేనే కోడ్ పెట్టా. గొప్ప ఫీచర్ అనుకున్నా. కరెంట్ వచ్చీ పోయే చోట నిమిషానికోసారి రాయడమంటే, పట్టాల మీద కూర్చుని అన్నం తినడమే. టేబుల్ మీద ఎందుకు బయటపడలేదంటే రెండు కారణాలు. ఊనోలో కాపలా ఉంది, పైగా ఫోన్ చార్జర్ నుంచి నడిపా, అక్కడ వోల్టేజ్ ఊగలేదు.

ఆ రోజు పొలంలో సరిగ్గా ఇదే జరిగిందని నేను ప్రమాణం చేసి చెప్పలేను, చూసినవాళ్లు లేరు. అందుకే టేబుల్ మీద మళ్లీ చేశా. వోల్టేజ్ తిప్పుకునే సప్లై పెట్టి 5 నుంచి నెమ్మదిగా కిందికి, మళ్లీ పైకి, రెండు రోజుల పాటు కొన్ని వందల సార్లు. కాపలా లేని చిప్‌లో ఆ లెవెల్ అంకె నాలుగుసార్లు చెడింది. ఎఫ్‌డీ రాసి మళ్లీ అన్నిసార్లు చేశా, ఒక్కసారి కూడా చెడలేదు. నాకు అది చాలు.

2.7 పెట్టాలా, 4.3 పెట్టాలా అనేది మీ క్లాక్ మీద ఉంటుంది. దీన్ని చాలామంది దాటేస్తారు. ఈ చిప్ ఎంత వేగంగా నడవాలంటే అంత వోల్టేజ్ కావాలి. 2.7 వోల్టుల దగ్గర 10 మెగాహెర్ట్జ్ వరకు, 4.5 దగ్గర 20 వరకు గ్యారంటీ. మధ్యలో గీత వరసగా పెరుగుతుంది. 8 మెగాహెర్ట్జ్‌కి 2.7 కాపలా సరిపోతుంది. 16కి లెక్క కడితే దాదాపు 3.8 వోల్టులు కావాలి. అంటే 16లో నడుస్తూ 2.7 దగ్గర కాపలా పెడితే 3.8 నుంచి 2.7 మధ్య చిప్ గ్యారంటీ లేకుండా నడుస్తున్నట్టే. అవును, ఊనో కూడా అలాగే ఉంది. టేబుల్ మీద ఎల్‌ఈడీలకి ఫర్వాలేదు. పొలంలో పెట్టేదానికి 16 మెగాహెర్ట్జ్, 5 వోల్టులు అయితే నేను 4.3 పెడతా. ఒక జాగ్రత్త, 4.3 అన్నది అచ్చంగా 4.3 కాదు, చిప్‌ని బట్టి 4.1 నుంచి 4.5 వరకు ఉండొచ్చు. మీ సప్లై నీరసంగా 4.4 ఇస్తుంటే చిప్ అసలు లేవకపోవచ్చు. 3.3 వోల్టుల బోర్డు మీద 4.3 పెట్టారా, ఇంక అది రీసెట్‌లోనే ఉంటుంది.

బ్యాటరీ మీద నడిచేవాటికి ఈ కాపలా కొంచెం కరెంట్ తింటుంది. మైక్రో ఆంపుల్లోనే, కానీ నెలల తరబడి నిద్రపోయే సెన్సర్‌కి అది కూడా లెక్కే. 328పీలో నిద్రపోయేటప్పుడు కోడ్‌లోంచి దాన్ని ఆపే సౌకర్యం ఉంది. పి లేని 328లో అది లేదు. రెండూ బయటికి ఒకేలా ఉంటాయి, షాపులో ఒకటి అడిగితే ఇంకోటి ఇస్తారు. చిప్ సిగ్నేచర్ చదివితే తెలుస్తుంది, రెండింటికీ వేరు వేరు నంబర్లు. సిగ్నేచర్ కలవలేదని ఏవీఆర్‌డ్యూడ్ అంటే వెంటనే ఫోర్స్ ఆప్షన్ కొట్టకండి. వైరు లూజ్ అయినా అదే మెసేజ్ వస్తుంది. లూజ్ వైరుతో ఫోర్స్ చేసి ఫ్యూజ్ రాయడం కంటే చిప్‌ని కాలవలో వేయడం నయం.

హై ఫ్యూజ్‌లో రెండు బిట్లు మాత్రం చేతికి అందకుండా పెట్టుకోండి. ఒకటి రీసెట్ పిన్‌ని మామూలు పిన్‌గా మార్చేది. పిన్‌లు చాలనప్పుడు ఆశగా కనపడుతుంది. కానీ మనం వాడే మామూలు ప్రోగ్రామర్ రీసెట్ పిన్ పట్టుకునే లోపలికి వెళ్తుంది. ఆ తలుపు మూసేస్తే ఇంక 12 వోల్టులతో చేసే హై వోల్టేజ్ ప్రోగ్రామింగ్ ఒక్కటే దారి, ఆ పరికరం మనలో ఎవరి దగ్గరా ఉండదు. రెండోది డీబగ్ వైర్ అనే బిట్. అది ఆన్ అయినా రీసెట్ పిన్ దాని చేతిలోకి పోతుంది, మామూలు ప్రోగ్రామర్‌కి దొరకదు. ప్రోగ్రామింగ్‌నే ఆపేసే బిట్ ఇంకోటి ఉంది గానీ దాన్ని మామూలు ప్రోగ్రామర్‌తో మార్చనివ్వరు. కూర్చున్న కొమ్మని నరుక్కోకుండా వాళ్లే చూశారు.

అదే బైట్‌లో నాకు నచ్చిన బిట్ ఒకటుంది: చిప్ ఎరేజ్ చేసినా ఈఈప్రామ్‌ని ఉంచేది. మామూలుగా కొత్త కోడ్ ప్రోగ్రామర్‌తో ఎక్కిస్తే ఈఈప్రామ్ కూడా తుడిచిపెట్టుకుపోతుంది. పొలంలో ఒక్కో మోటారుకి సెట్ చేసిన అంకెలు పోతే మళ్లీ మొదటి నుంచి. అందుకే డీ9 బదులు డీ1 రాశా. మామ డబ్బాలో ఇప్పుడు ఉన్నవి ఈ2, డీ1, ఎఫ్‌డీ. చిప్‌ని ఎంత తుడిచినా ఫ్యూజ్‌లు మాత్రం పోవు, అవి విడిగా రాస్తేనే మారతాయి. కోడ్ కాపీ కాకుండా లాక్ బిట్స్ పెట్టాలనుకుంటే ఫ్యూజ్‌లన్నీ ముందు రాయండి, లాక్ చివర. లాక్ పడ్డాక ఫ్యూజ్‌లు కూడా మారవు, చిప్ మొత్తం ఎరేజ్ చేస్తేనే లాక్ వదులుతుంది.

వేరే చిప్‌లు వాడేవాళ్లు "మాకు ఈ గోల లేదు" అనుకోకండి. మన కాలేజీ ల్యాబుల్లో తిరిగే పిక్ 16ఎఫ్877ఏలో వీటిని కాన్ఫిగరేషన్ బిట్స్ అంటారు, కోడ్ పైనే రాసుకోవచ్చు. అది మంచి పద్ధతి, కోడ్‌తో పాటే సెట్టింగ్స్ కూడా కనపడతాయి. కానీ రాయకుండా వదిలేస్తే వాచ్‌డాగ్ ఆన్‌లో ఉంటుంది, ప్రోగ్రామ్ మాటిమాటికీ మొదటికి వస్తుంది. ఎల్‌వీపీ బిట్ ఆన్‌లో వదిలేస్తే ఆర్‌బీ3 పిన్ మీ చేతికి రాదు. పైగా అక్కడ వాచ్‌డాగ్‌కి ఒకటి అంటే ఆన్. ఏవీఆర్‌కి తిరగేసి. ఇద్దరూ మాట్లాడుకుని ఒకేలా పెట్టి ఉంటే ఏం పోయేదో.

ఎస్‌టీఎం32లో ఆప్షన్ బైట్స్ అంటారు. ఎఫ్4 లాంటి వాటిలో చదవకుండా కాపాడే లెవెల్ ఉంటుంది. లెవెల్ ఒకటి నుంచి సున్నాకి దిగొచ్చు, దిగితే ఫ్లాష్ మొత్తం తుడిచేస్తుంది. లెవెల్ రెండుకి వెళ్తే మాత్రం వెనక్కి రావడం లేదు. ఈఎస్‌పీ32లో ఉన్నవి ఈఫ్యూజ్‌లు. అక్కడ పేరు పేరే కాదు, నిజం: సున్నాని ఒకటి చేయొచ్చు, ఒకటిని సున్నా చేయలేం, ఆ చిప్ బతికినంతకాలం అంతే. అందుకే దాని టూల్ రాసేముందు "బర్న్" అని అక్షరాలు టైప్ చేయమంటుంది. ఏవీఆర్ అలవాటుతో "తప్పైతే మళ్లీ రాద్దాంలే" అని అక్కడ చేయి పెట్టకండి.

నేను ఇప్పుడు చేసేది చాలా మామూలుగా ఉంటుంది. కొత్త చిప్ రాగానే ముందు మూడు ఫ్యూజ్‌లూ చదువుతా, రాయడానికి ముందే. ప్రతిసారీ ఒకే విలువలు వస్తున్నాయా అని రెండుసార్లు చదువుతా. వేరే వేరేగా వస్తే వైరు లూజ్, రాయను. మార్చేటప్పుడు ఒక్కో బైట్ మార్చి మళ్లీ చదువుతా. పెట్టిన విలువల్ని కోడ్ ఫైలులో మొదటి కామెంట్‌గా రాస్తా, డబ్బా మూత లోపల మార్కర్‌తో కూడా రాస్తా. ఏడాది తర్వాత ఆ డబ్బా తెరిచేది నేనే, అప్పటికి నాకేమీ గుర్తుండదు.

మామ డబ్బా ఇప్పుడు మూడో ఎండాకాలం చూస్తోంది. గంటల లెక్క నిమిషానికోసారి కాకుండా మోటారు ఆగినప్పుడు మాత్రమే రాసేలా మార్చా. ఈఈప్రామ్‌లో లెవెల్ అంకె నమ్మేలా లేకపోతే మోటారు అసలు పట్టుకోదు, ఎర్ర లైటు వెలుగుతుంది. ఒకసారి వెలిగింది కూడా. మామ ఫోన్ చేసి, "అల్లుడూ, ఎర్రది ఎలిగింది, మోటరు పట్టుకుంటలేదు, తిట్టాల్నా మెచ్చుకోవాల్నా?" అన్నాడు. వెళ్లి చూస్తే ఎలుక సెన్సర్ వైరు కొరికింది.

అంకె నమ్మేలా ఉందో లేదో చిప్‌కి ఎలా తెలుస్తుంది అని అడుగుతారు కదా, దాన్ని చెక్‌సమ్ అంటారు, వచ్చే ఎపిసోడ్ దాని మీదే. ఈలోపు మీ దగ్గర ఊనో, ఒక విడి చిప్ ఉంటే రెండింటి ఫ్యూజ్‌లూ చదివి పక్కపక్కన రాసి పెట్టుకోండి. రాయొద్దు, చదవండి చాలు. ఉంటా.